ఒక్కో సేవకు ఒక్కో నంబరు: చందా చెల్లింపులను వర్చువల్ కార్డులపైకి మార్చిన ఒక కార్యాలయం కేస్ స్టడీ

చిన్న సంస్థల జమాఖర్చుల వ్యవస్థలను చక్కదిద్దడం నా వృత్తి. ఈ కేసులోని సంస్థ పుస్తకాల రూపకల్పన, ముద్రణకు ముందు చేయవలసిన పనులు చూసే 14 మంది ఉద్యోగుల కార్యాలయం. వారి ఆన్‌లైన్ చెల్లింపులన్నీ, సేవల చందాలతో (సబ్‌స్క్రిప్షన్లతో) సహా, యజమాని పేరున ఉన్న ఒకే ఒక్క క్రెడిట్ కార్డు మీద నడిచేవి. ఆ కార్డు వివరాలు ఎక్కడో బయటపడి, సంస్థకు సంబంధం లేని రెండు కొనుగోళ్లు స్టేట్‌మెంటులో కనిపించడంతో, బ్యాంకు దాన్ని నిలిపివేసి కొత్త నంబరుతో మరో కార్డు పంపింది. నన్ను పిలిచింది ఆ తర్వాత అయిదు వారాలకు. పిలిచింది కూడా దుర్వినియోగం గురించి కాదు. కొత్త కార్డు వచ్చాక కొన్ని సేవలు ఆగిపోయాయి, కొన్ని యథాప్రకారం నడుస్తున్నాయి, ఆ తేడా ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. “పాత కార్డు బ్లాక్ అయింది కదండీ, కొత్త నంబరు మేం వాళ్లకు ఇవ్వనే లేదు, మరి డబ్బు ఎలా కట్ అవుతోంది?” అని అకౌంట్స్ చూసే ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా పని మొదలైంది.

వీసాకు అకౌంట్ అప్‌డేటర్ అని, మాస్టర్‌కార్డుకు ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అని ఒక సదుపాయం ఉంది. కార్డు గడువు తీరినప్పుడో, నంబరు మారినప్పుడో, అందులో చేరిన బ్యాంకు కొత్త వివరాలను ఆ వ్యవస్థకు అందజేస్తుంది. మన కార్డును తన దగ్గర భద్రపరచుకున్న వ్యాపారి తన తరఫున కార్డు వసూళ్లు చూసే చెల్లింపుల సంస్థ ద్వారా వాటిని అక్కడి నుంచి తెచ్చుకుంటాడు. కార్డు మారిన ప్రతిసారీ చందాదారులు చేజారిపోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు ఇది. ఇందులో మోసమేమీ లేదు, చాలామందికి సౌకర్యం కూడా. అయితే ఈ ఏర్పాటును అన్ని బ్యాంకులూ, అందరు వ్యాపారులూ ఒకేలా వాడుకోరు. అందుకే ఆ అయిదు వారాల్లో వంతు వచ్చిన 21 చెల్లింపుల్లో 8 ఆగిపోయి, 13 కొత్త నంబరు మీదకు వాటంతటవే వచ్చి చేరాయి. ఆగిన ఎనిమిదింటిలో కార్యాలయానికి రోజూ కావలసినవి ఉన్నాయి. ఆగని పదమూడింటిలో, ఏడాది కిందట మానేసిన ఉద్యోగి ఒకరు తెరిచిన ఛాయాచిత్రాల సేవ ఉంది. అతను వెళ్లిన తర్వాత దాన్ని ఒక్కరూ వాడలేదు. నిలవవలసినది పోయి, పోవలసినది నిలిచింది.

మీకు ఇలాంటి చందాలు ఎన్ని ఉన్నాయని అడిగితే పదహారు అన్నారు. నేను 14 నెలల స్టేట్‌మెంట్లు ముందు వేసుకుని కూర్చున్నాను. 12 నెలలే తీసుకుంటే ఏడాదికొకసారి వచ్చే చెల్లింపు ఒక వారం ముందుకో వెనక్కో జరిగి లెక్కలోంచి తప్పిపోయే అవకాశం ఉంది కాబట్టి, రెండు నెలలు అదనంగా చూడడం నా అలవాటు. లెక్క 27కు తేలింది. వాటిలో నాలుగింటి పేర్లు స్టేట్‌మెంటులో ఎంత అస్పష్టంగా ఉన్నాయంటే, అవి ఏ సేవకు చెందినవో కనుక్కోవడానికి పాత ఈమెయిళ్లన్నీ వెతకవలసి వచ్చింది. కార్డు ఒక్కటే అయినప్పుడు నంబరు మనకు ఏమీ చెప్పదు, వ్యాపారి పెట్టుకున్న పొట్టి పేరు ఒక్కటే ఆధారం. ఒక్కో సేవకు ఒక్కో నంబరు ఉంటే, నంబరును బట్టే సేవ తెలిసిపోతుంది. భద్రత సంగతి పక్కన పెట్టినా, ఈ ఒక్క కారణం చేతనే వర్చువల్ కార్డులను, అంటే అసలు ఖాతాకే ముడిపడి యాప్‌లో మనమే సృష్టించుకునే అదనపు కార్డు నంబర్లను, సిఫార్సు చేశాను.

వర్చువల్ నంబరు లోపల జరిగేది

బయటి నుంచి చూస్తే వర్చువల్ నంబరుకూ మామూలు కార్డు నంబరుకూ తేడా ఉండదు. మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు కార్డు జారీచేసిన సంస్థను సూచిస్తాయి. చివరి అంకె, మిగతావాటిలో టైపింగు తప్పు దొర్లితే పట్టుకునేందుకు లూన్ సూత్రం ప్రకారం లెక్కగట్టిన సరిచూపు అంకె. దానికి సొంత గడువు తేదీ, సొంత సీవీవీ ఉంటాయి. వ్యాపారి పంపిన అభ్యర్థన జారీచేసిన సంస్థకు చేరినప్పుడు అక్కడి పట్టికలో ఆ నంబరు ఏ అసలు ఖాతాకు చెందినదో చూసి, దానికి మనం పెట్టిన షరతులను సరిపోల్చి, అవునో కాదో చెబుతారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు: అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2000లోనే ఒక్కసారి వాడి పారేసే నంబర్లను ప్రవేశపెట్టింది. అయితే ఒక్కసారి వాడే నంబరు చందాలకు పనికిరాదు. రెండో నెలకే అది చెల్లకుండా పోతుంది. మనకు కావలసినది ఒకే వ్యాపారికి కట్టుబడి, పదేపదే వాడగలిగే నంబరు.

ఫోన్ వాలెట్లలో వాడే టోకెన్లతో దీన్ని కలగలపకూడదు. 2014లో ఈఎంవీకో (కార్డు సంస్థలు కలిసి నడిపే ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా రూపుదిద్దుకున్న ఆ టోకెన్ కూడా అసలు నంబరుకు మారుగా వాడేదే, కానీ అది వ్యవస్థల మధ్యే తిరుగుతుంది. కార్డు మారితే వెనకాల తనే సరిచేసుకుంటుంది. వర్చువల్ నంబరును మాత్రం మనమే సృష్టిస్తాం, మనమే పేరు పెడతాం, మనమే ఆపుతాం.

చందా చెల్లింపులో మొదటి విడత వేరు, తర్వాతి విడతలు వేరు. మొదటిసారి మనం తెర ముందు ఉంటాం, సీవీవీ ఇస్తాం, ఓటీపీయో యాప్ ఆమోదమో ఇస్తాం. రెండో నెల నుంచి లావాదేవీని మొదలుపెట్టేది వ్యాపారి. ఆ పూట మనం నిద్రలో ఉన్నా అది జరిగిపోతుంది. ఆమోదం అయిపోయిన తర్వాత సీవీవీని దాచుకోవడాన్ని కార్డు వివరాల భద్రతకు ఉద్దేశించిన పీసీఐ డీఎస్ఎస్ నిబంధనలు నిషేధిస్తాయి కాబట్టి, తర్వాతి విడతల్లో అది ఉండదు. “సీవీవీ మార్చేస్తే ఆగిపోతుంది కదా” అని యజమాని అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు ఇదే. రెండో విడత నుంచి మన చేతిలో మిగిలే పట్టు నంబరుకు ముందే పెట్టిన షరతుల్లోనే ఉంటుంది: ఎంత వరకు, ఎవరికి, ఎప్పటి వరకు.

లిమిట్ల విషయంలో నేను చేసిన తప్పు

27లో అవసరం లేని ఆరింటిని మొదటే రద్దు చేయించాం. మిగిలిన 21లో, వర్చువల్ కార్డును తీసుకోని ఒక్కటి మినహా, అన్నిటికీ నంబర్లు సృష్టించి, ప్రతిదానికీ సేవ పేరు, బాధ్యుడి పేరు, రెన్యువల్ తేదీ కలిపి పేరు పెట్టాం. ఆపైన ప్రతి నంబరుకూ ప్రస్తుత చార్జీ కంటే అయిదు శాతం ఎక్కువగా నెలవారీ లిమిట్ పెట్టాను. ధర పెంచితే చెల్లింపు ఆగుతుంది, ఆగితే మనకు తెలుస్తుంది అన్నది నా ఆలోచన. కాగితం మీద చక్కగానే ఉంది. ఆచరణలో కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మొదటి నెలలోనే మూడు చెల్లింపులు తిరస్కరణకు గురయ్యాయి. ఒక సేవ ప్రకటించిన ధరపై పన్ను వేరుగా కలుపుతుంది. మరొకటి విదేశీ కరెన్సీలో వసూలు చేస్తుంది; మారకపు రేటు, దాని మీద బ్యాంకు వేసే రుసుము కలిసి అయిదు శాతాన్ని దాటేశాయి. మూడోదానిలో ఒక ఉద్యోగిని మధ్యలో చేర్చడంతో మిగిలిన రోజులకు అదనపు మొత్తం విడిగా వచ్చింది. ఈ మూడూ ముందే ఊహించవలసినవి, నేను ఊహించలేదు.

నాలుగోది అంత తేలిగ్గా పోలేదు. కార్యాలయం ఈమెయిలు, వెబ్‌సైటు రెండూ ఉన్న హోస్టింగు సేవ నెలకొకసారి కాక 30 రోజులకొకసారి వసూలు చేస్తుంది. మా వర్చువల్ కార్డు లిమిట్ మాత్రం క్యాలెండరు నెల మొదటి తేదీన మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 31 రోజుల నెలలో 1వ తేదీన ఒక వసూలు జరిగింది. 30 రోజుల తర్వాత అదే నెల 31న రెండోది వచ్చింది. ఒక నెల లిమిటులో రెండు విడతలు ఇమడవు కనుక రెండోది తిరస్కరణ పొందింది. హోస్టింగు సంస్థ పంపిన హెచ్చరిక ఎవరూ తెరవని పాత చిరునామాకు వెళ్లింది. రెండు రోజులు మళ్లీ ప్రయత్నించి వారు సేవను నిలిపివేశారు, దాంతో పూర్తిగా సగం రోజు కార్యాలయానికి ఈమెయిళ్లు రాలేదు. ఆ పూట ఒక క్లయింటు పంపిన చివరి దిద్దుబాట్లు అందక ఫైలు పాత రూపంలోనే ప్రెస్సుకు వెళ్లబోయింది. ఫోన్ చేసి ఆపగలిగాం.

కారణం వెతకడంలో ఒక చిక్కు ఉంది. తిరస్కరణకు సంకేతాలు ఉంటాయి: ఖాతాలో డబ్బు చాలకపోతే 51, పెట్టిన మొత్తపు పరిమితి దాటితే 61, నంబరే చెల్లనిదైతే 14, కారణం చెప్పకుండా వద్దంటే 05. కానీ వ్యాపారి మనకు పంపే ఈమెయిలులో ‘మీ బ్యాంకు నిరాకరించింది’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. అసలు కారణం కార్డు జారీచేసిన సంస్థ యాప్‌లో, ఆ నంబరు కింద నమోదవుతుంది. అందుకే తిరస్కరణ జరిగిన మరుక్షణం యాప్ నుంచి వచ్చే హెచ్చరిక ఒక్కరికి కాక ఇద్దరికి చేరేలా మార్చాను. లిమిట్లనూ సడలించాను. నెలవారీ సేవలకు చార్జీకి రెండున్నర రెట్లు. 30 రోజుల లెక్కవాటికి రెండు విడతలు, ఆపైన పాతిక శాతం. ఏడాది సేవలకు నెలవారీ లిమిట్ కాకుండా మొత్తం వాడకానికి ఒక లిమిట్, గడువు తేదీ తర్వాతి రెన్యువల్‌కు కనీసం రెండు నెలల అవతల. ఇంత వదులుగా ఉంటే ధర పెరుగుదల ఎలా తెలుస్తుందని అకౌంట్స్ ఆవిడ సరిగ్గానే అడిగారు. పెరుగుదల తెలుసుకోవడానికి చెల్లింపును ఆపనక్కరలేదు. నంబరు వారీగా నెలనెలా మొత్తాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒక నంబరు కింద ఒకే సేవ ఉంది గనుక ఆ పోలికకు ఇప్పుడు అయిదు నిమిషాలు పడుతుంది.

ఒకే వ్యాపారికి కట్టివేసే తాళం గురించి ఒక మాట. అది వ్యాపారి అనుకునే పేరుకు పడదు, చెల్లింపుల వ్యవస్థలో అతను నమోదైన గుర్తింపుకు పడుతుంది. ఒక ఫాంట్ల సేవ తన వసూళ్లను వేరే చెల్లింపుల సంస్థకు మార్చుకున్నప్పుడు మాకు అది కొత్త వ్యాపారిలా కనిపించి ఆగిపోయింది; తాళం తీసి మళ్లీ వేయవలసి వచ్చింది. ఫోన్ యాప్ స్టోరు ద్వారా తీసుకున్న చందాలన్నిటికీ వ్యాపారి ఆ స్టోరే కాబట్టి, అక్కడ సేవల వారీ విభజన కుదరదు. అలాంటివి మూడు ఉంటే, రెండింటిని సేవల సొంత వెబ్‌సైట్ల నుంచి నేరుగా తీసుకునేలా మార్చాం.

నంబరు ఆపితే ఒప్పందం ఆగదు

నేను రాసిచ్చిన పద్ధతిలో క్రమం స్పష్టంగానే ఉంది: ముందు సేవలో రద్దు చేయాలి, రద్దు ధ్రువీకరణ ఈమెయిలును భద్రపరచాలి, ఆ తర్వాతే నంబరును ఆపాలి. నాలుగో నెలలో ఒక సహాయకుడు దీన్ని తిరగేశాడు. ఎవరూ వాడని ఒక గణాంకాల సేవ నంబరును యాప్‌లో నిలిపేసి, చందాల రిజిస్టరులో ‘రద్దు’ అని రాశాడు. అతని తప్పు అని అనలేను. ఒక్క మీట నొక్కితే డబ్బు పోవడం ఆగినప్పుడు పని అయిపోయిందనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది నెలనెలా చెల్లించే ఏడాది ఒప్పందం, ఇంకా అయిదు నెలలు మిగిలి ఉంది. కొన్ని వారాల పాటు ఆ సంస్థ వసూలుకు ప్రయత్నించి, తర్వాత బకాయి నోటీసు పంపింది. తలుపు తాళం మార్చుకున్నంత మాత్రాన ఇంటి అద్దె మాఫీ కాదని అప్పుడు అందరికీ అర్థమైంది. మాట్లాడుకుని, రెండు నెలల మొత్తం కట్టి ఒప్పందం ముగించుకున్నాం.

ఈ క్రమానికి మరో ప్రయోజనం కూడా ఉంది. రద్దు చేశాక కూడా వసూలు జరిగితే బ్యాంకులో వివాదం నమోదు చేయవచ్చు. వీసాలో రద్దయిన చందా వసూళ్లకు 13.2 అని ప్రత్యేకంగా ఒక సంకేతమే ఉంది. అందులో మనం నిలబడాలంటే ఎప్పుడు, ఎలా రద్దు చేశామో చూపగలగాలి. రద్దు చేయకుండా నంబరు మాత్రమే ఆపినవారి దగ్గర చూపడానికి కాగితం ఉండదు.

నంబరును ఆపడం వేరు, శాశ్వతంగా మూసివేయడం వేరు. రద్దు చేసిన వెంటనే మూసేయడాన్ని నేను ప్రోత్సహించను. రిఫండు వస్తే అది డబ్బు వెళ్లిన నంబరుకే తిరిగి వస్తుంది. మూసిన నంబరుకు వచ్చిన రిఫండును జారీచేసిన సంస్థ సాధారణంగా అసలు ఖాతాకు మళ్లిస్తుంది గాని, ఆలస్యం కావచ్చు, పద్దు గుర్తుపట్టడం కష్టం కావచ్చు. అందుకని రద్దయిన సేవల నంబర్లను నాలుగు నెలలు ఆపిన స్థితిలో ఉంచి తర్వాత మూసేస్తాం. ఆపినా అప్పటికే ఆమోదం పొందిన మొత్తం తర్వాత ఖాతాలో పడుతుంది. ఒక సాయంత్రం నంబరు ఆపితే, ఆ ఉదయం ఆమోదమైన చార్జీ రెండు రోజుల తర్వాత కనిపించి అకౌంట్స్ ఆవిడను కంగారు పెట్టింది. ఆపడమన్నది ఇకపై వచ్చే ఆమోద అభ్యర్థనలకే వర్తిస్తుంది, అప్పటికే దారిలో ఉన్నవాటికి కాదు.

ఏడో నెల

ఒక రాత్రి రెండు గంటల ప్రాంతంలో ఇద్దరి ఫోన్లలోనూ వరుసగా మూడు హెచ్చరికలు వచ్చాయి. మూడూ ఒకే నంబరు మీద, పేరు తెలియని వ్యాపారుల దగ్గర. మొదటి రెండు అతి చిన్న మొత్తాలు, మూడోది పెద్దది. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో చిన్న మొత్తంతో పరీక్షించి, పనిచేస్తే పెద్దదానికి దిగడం తెలిసిన పద్ధతే. వ్యాపారి తాళం ఉండడంతో మూడూ అక్కడికక్కడే ఆగాయి. ఆ నంబరును మేం ఇచ్చింది ఒకే ఒక్క సేవకు. కనుక వివరాలు అక్కడి నుంచే పొక్కాయని యజమాని వెంటనే తేల్చేశారు. నేను కొంచెం ఆగమన్నాను. జారీచేసిన సంస్థ గుర్తింపు అంకెలు తెలిసినవి, సరిచూపు అంకె లెక్క బహిరంగమైనది కాబట్టి, యంత్రాలతో వేల నంబర్లు పుట్టించి ప్రయత్నించేవారు ఉంటారు. అలా గుడ్డిగా తగిలిన నంబరు కూడా కావచ్చు. బ్యాంకును అడిగితే, మూడు ప్రయత్నాల్లోనూ గడువు తేదీ, సీవీవీ సరిగ్గా ఉన్నాయని చెప్పారు. ఊహించి కొట్టినవారికి నంబరు, గడువు తేదీ, సీవీవీ మూడూ ఒకేసారి సరిగ్గా దొరకడం అరుదు. అప్పుడు మాత్రమే ఆ సేవకు, ఆరోపించకుండా, జరిగినది జరిగినట్టు తేదీ, సమయాలతో సహా రాశాం. పాత కార్డు విషయంలో ఈ మాత్రం జాడ దొరికే అవకాశమే లేదు. అది అప్పటికి 27 చోట్ల ఉంది.

ఆ నంబరును మూసి, కొత్తది సృష్టించి, ఆ ఒక్క సేవలో మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మిగతా సేవల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇలా మూసిన నంబరు వివరాలు అప్‌డేటర్ ద్వారా వ్యాపారులకు వెళతాయా అని జారీచేసిన సంస్థను ముందే అడిగి, వర్చువల్ నంబర్లను అందులో చేర్చడం లేదని లిఖితపూర్వకంగా తీసుకున్నాను. ఇది సంస్థను బట్టి మారుతుంది కాబట్టి అడగకుండా నమ్మకూడదు.

అన్ని చెల్లింపులకూ ఈ పద్ధతి సరిపడదు. తర్వాత అసలు కార్డు చూపించమనే బసలు, వాహనాల అద్దెలు, ఏ రోజుకారోజు ఖర్చు మారిపోయే ప్రకటనల ఖాతాలు, కార్డు రకాన్ని చూసి వర్చువల్‌ను తిరస్కరించే కొన్ని సేవలు దీనికి బయటే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది, ఇన్ని నంబర్లు వేరువేరుగా కనిపించినా వాటి మూలం ఒకే ఖాతాలో ఉంది. ఆ ఖాతాను బ్యాంకు ఏ కారణంతో నిలిపినా అన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. అందుకే డొమైన్, హోస్టింగు, ఈమెయిలు, ఈ మూడింటికీ వేరే బ్యాంకు కార్డును రెండో చెల్లింపు మార్గంగా నమోదు చేయించాను. నంబర్లు సృష్టించే, ఆపే అధికారం యజమానితో పాటు అకౌంట్స్ ఆవిడకూ ఇప్పించాను. అది ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే ఆ ఫోన్ పోయిన రోజున ఇంత ఏర్పాటూ ఎవరికీ అందకుండా పోతుంది.

ఏడాది ముగిసేసరికి చందాలు 19కి తగ్గాయి. 18 వర్చువల్ నంబర్ల మీద నడుస్తున్నాయి. మిగిలిన ఒక్కటి, వర్చువల్ కార్డును తీసుకోని అచ్చు రంగుల నమూనాల సేవ, ఇప్పటికీ పాత పద్ధతిలోనే అసలు కార్డు మీద ఉంది. రిజిస్టరులో దాని వరుసకు మాత్రం ఎర్ర రంగు వేసి, రెన్యువల్‌కు పది రోజుల ముందు ఇద్దరికీ గుర్తుచేసే ఏర్పాటు పెట్టాం.